రెండో చరణం

దిండు గలీబు మళ్లీ తడిసింది. పాపమ్మ దాన్ని ఊడదీసి పెరట్లో బకెట్లో వేసి వచ్చి, ఇంట్లో ఇంకొకటి లేదని చెప్పింది. ఎవరికి చెప్పిందో తెలియదు. గదిలో ఉన్నది కూతురు రూతు, అల్లుడు జోసఫ్. రూతు నోట్లో దూది ఉంది. జోసఫ్ నోట్లో ఏమీ లేదు. అయినా మాట్లాడలేదు.

రూతు పన్ను పీకించుకుని రెండు రోజులు దాటింది. నాచారం బస్టాపు పక్కన కూర్చునే పళ్ల డాక్టరు రక్తం గంటలో ఆగిపోతుందన్నాడు. ఆగలేదు. పాపమ్మ లవంగ నూనె అద్దింది. పటిక నీళ్లు పుక్కిలించమంది. రక్తం ధార కట్టడం లేదు, చెలమలో నీళ్లలా ఊరుతోంది. తుడిస్తే పోతుంది. తుడిచిన గుడ్డ ఉతికేలోపు మళ్లీ వస్తుంది.

జోసఫ్ ఉప్పల్‌లోని రక్త పరిశోధనశాలలో శాస్త్రవేత్త. గాయమైన చోట గుంపుకట్టి రక్తాన్ని ఆపే కణాలుంటాయి. వాటిని ప్లేట్‌లెట్లంటారు. అతని చదువు, ఉద్యోగం, పేరు అన్నీ వాటివల్ల వచ్చినవే. ఒకరి రక్తంలోంచి వాటిని విడదీసి ఐసులో దాచిపెడితే చచ్చిపోతాయి. గది వేడిలోనే ఉంచి, ఆపకుండా మెల్లగా ఊపుతుంటే కొన్ని రోజులు బతుకుతాయి. బయటి దేశాల్లో కొందరు అన్న ఈ మాటను మన ఎండల్లో, మన కరెంటు కోతల మధ్య నిలబెట్టి చూపించినవాడు జోసఫ్. ఊరి మిషన్ బడిలో అక్షరాలు దిద్దినవాడి పేరు ఇప్పుడు లండన్‌లో అచ్చవుతుంది.

ఆ ఇంట్లో రక్తం ఆగడం లేదు.

పొద్దున్నే శాంతయ్య వచ్చాడు. రూతు తమ్ముడు, నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టర్. జోసఫ్ ప్రయోగశాలలో ప్లేట్‌లెట్ల సంచులు ఊగే బల్లను పాత కుట్టుమిషను చక్రంతో చేసిపెట్టింది అతనే. కరెంటు పోతే కాలితో తొక్కి ఊపవచ్చు. ఆ బల్ల సంగతి ఫ్యాక్టరీలో ఇప్పటికి ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

షిఫ్టు దిగి, నూనె చేతులు కడుక్కోకుండానే లోపలికి వచ్చి అక్కను లేపి కూర్చోబెట్టబోయాడు. రూతు రవిక చేతులు ఎప్పుడూ పొడుగ్గా ఉంటాయి. ఆ చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన అరచేతంత నల్లమచ్చ. దాని పక్కన ఇంకొకటి, పచ్చబడుతున్నది. శాంతయ్య రెండో చెయ్యి కూడా పైకి లాగి చూశాడు. అక్కడా ఉన్నాయి.

అతను అక్కను మెల్లగా పడుకోబెట్టి, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కొట్టినవా బావా?"

పాపమ్మ చేతిలోని చెంబు గోడకు తగిలి చప్పుడయింది.

జోసఫ్ వెళ్లి, రేడియో మీద ఉన్న బైబిల్ తెచ్చి, దానిమీద చెయ్యి పెట్టాడు. "లగ్గమైన దినం నుంచి ఈ దినం దాక రూతు మీద చెయ్యెత్తలే. అబద్ధమైతే ఈ చెయ్యి పడిపోవాలె," అన్నాడు.

అది నిజమే. చాలా కాలం తర్వాత ఆ ఇంట్లో అతను చెప్పిన మొదటి నిజం. చెప్పగానే కొంచెం ఊపిరాడింది. చేయని తప్పును ఎవరైనా మీద వేస్తే బాగుండునని కాచుకుని ఉండే మనుషులుంటారు. దాన్ని కొట్టిపారేసి, మొత్తం కడిగేసుకున్నట్టు నిలబడతారు.

శాంతయ్య తల వంచుకున్నాడు. తప్పయిందనలేదు గాని చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

అక్కడితో ఆగినా సరిపోయేది. జోసఫ్ ఆగలేదు. బైబిల్ మీద ప్రమాణం నిజమై నిలిచింది, ధైర్యం వచ్చింది. అత్తవైపు తిరిగాడు.

"పన్ను ఎవరు పీకించుమన్నరు అత్తా? నన్ను ఒక మాట అడిగిన్రా?"

పాపమ్మ అడగలేదు. అన్నోజిగూడ నుంచి కూతుర్ని చూడడానికి వచ్చిన రోజే రూతు పన్నునొప్పితో గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. అల్లుడు ప్రయోగశాలలో ఉన్నాడు. పన్ను నొప్పికి అల్లుణ్ణి అడగాలని ఆమెకు తట్టలేదు. కూతురు వద్దు వద్దంటున్నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి తనే తల పట్టుకుంది.

ఇప్పుడు గడప మీద కూలబడింది.

"నేనే తీస్కపోయిన. నా చేతుల్తోనే," అంది. ఆ తర్వాత అదే మాట చాలాసేపు అనుకుంటూ ఉంది.

మంచం మీద రూతు తల అడ్డంగా ఊపింది. కాదు, కాదు అన్నట్టు. జోసఫ్ ఒక్కడే చూశాడు. చూసి, ఆటో తెస్తానని బయటికి నడిచాడు.

*

దవాఖానాలో లేడీ డాక్టరు వెంటనే రక్తం తీయించి లెక్క చూసింది. ప్లేట్‌లెట్లు దాదాపు లేవు. ఎముక మూలుగలోంచి కూడా కొంచెం తీసి చూసింది. మూలుగ బాగానే ఉంది. ఒళ్లే తన కణాలను తనే తినేస్తోంది. ఇది రెండు రకాలుగా వస్తుందని శాంతయ్యకు, పాపమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. ఉన్నట్టుండి ఈ పదీపదిహేను రోజుల్లో వచ్చిందైతే చాలావరకు మాత్రలతో సర్దుకుంటుంది, ఆగి చూడవచ్చు. నెలల తరబడి లోపల ముదిరిందైతే ఆగకూడదు. కడుపులో ఎడమ పక్కనుండే ప్లీహం ఈ కణాలను మింగేస్తుంటుంది. ఇవాళే సర్జన్‌కు కబురుపెట్టి దాన్ని తీయించే సంగతి చూడాలి. ఏదైనా సరే, ముందు ఎవరివైనా ప్లేట్‌లెట్లు ఎక్కించి ఈ ఊట ఆపాలి.

అప్పుడు జోసఫ్‌ను అడిగింది. అతని పని ఆమెకు తెలుసు. అందుకే మర్యాదగా అడిగింది.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఈమె లెక్క చూశారా?"

పాపమ్మ అతనివైపు చూసింది. శాంతయ్య చూశాడు. రూతు కూడా మంచంమీంచి చూసింది. నోటినిండా దూది ఉంది, జవాబు అతనికే వదిలేసింది.

"లేదు," అన్నాడు జోసఫ్.

డాక్టరు తల ఊపింది. అయితే కొత్తదే అనుకుందాం, మాత్రలు మొదలుపెట్టి చూద్దాం అంది. ప్లేట్‌లెట్ల సంచి మీ దగ్గరే ఉంటుంది కదా, తీసుకురండి అంది.

*

ఉప్పల్ పోయే బస్సులో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు.

కొత్త పద్ధతి ఏదైనా పరీక్షించాలంటే, రోగం లేని మనిషి రక్తం ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూడాలి. ప్రయోగశాలలో దాన్ని నార్మల్ అంటారు. పెళ్లయినప్పటి నుంచీ జోసఫ్ నార్మల్ రూతే. ప్రయోగం ఉన్న పొద్దున ఆమె వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. వెంట్రుకలు వెనక్కి తీసి చెవి చూపేది. అతను చెవితమ్మెకు సూది గుచ్చి, వచ్చిన చుక్కను తెల్లటి వడపోత కాగితంతో అద్దేవాడు. మళ్లీ అద్దేవాడు. ఒక్కో చుక్కా ముందుదానికన్నా చిన్నదయ్యేది. చివరికి కాగితం తెల్లగా వచ్చేది. అంటే ఆగినట్టు. ఆ తర్వాత చేతినుంచి రక్తం తీసుకునేవాడు.

చెవి దగ్గర కూర్చున్నంతసేపూ రూతు కీర్తన పాడేది. ఎప్పుడూ అదే. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. రెండో చరణం దాటకుండా కాగితం తెల్లబడేది. గడియారం కన్నా నా పాటే నయం అనేది. ఒక్కోసారి అతను నవ్వించడానికి మధ్యలో శ్రుతి కలిపేవాడు. అతను పాడితే పక్కింటి కుక్క లేచిపోతుందనేది. పిల్లల్లేని ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు అంత దగ్గరగా చూసుకునేది ఆ కాస్తసేపే.

మొన్నటి ఈస్టర్ వారంలో రెండో చరణం అయిపోయింది. మూడోది అయిపోయింది. ఆఖరిది కూడా అయిపోయింది. కాగితం మీద చుక్కలన్నీ ఒకే సైజులో వరసగా ఉన్నాయి.

ప్రయోగశాలకు పోయి లెక్క చూశాడు. ప్లేట్‌లెట్లు సగానికి సగం లేవు. స్లైడు తప్పనుకుని మళ్లీ చూశాడు. అవే వచ్చాయి.

లండన్‌కు పంపాల్సిన వ్యాసం బల్ల మీద ఉంది. పోల్చి చూసిన మనిషే రోగి అయితే, ఎప్పటినుంచి రోగి అనే ప్రశ్న వస్తుంది. పాత లెక్కలన్నీ తిరగదోడాలి. అతను ఆ రెండు లెక్కలనూ పక్కన పడేసి, పై అధికారికి స్లైడు తప్పని చెప్పి, ప్రయోగశాలలో పనిచేసే సూర్యకళను నార్మల్‌గా పెట్టుకున్నాడు. శాస్త్రం ప్రకారం చేయవలసింది అదే. నార్మల్ కానిదాన్ని తీసేయాలి.

ఇంట్లో రూతుతో, ఇన్నేండ్లు ఇచ్చినవు, ఇంక చాలు, నిన్ను సూదితో పొడవను అన్నాడు.

వ్యాసం పోయినాక చెబుదామనుకున్నాడు. వ్యాసం పోయింది. లండన్ నుంచి జవాబు వచ్చినాక చెబుదామనుకున్నాడు. అప్పటికి వానలు మొదలయ్యాయి. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతుంది కదా అని ఆగాడు. ఆగినకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది. తక్కువ లెక్కతో బతికేవాళ్లు ఎందరో ఉన్నారని తనకు తాను చెప్పుకున్నాడు. అదీ నిజమే. వాళ్లకు మొగుళ్లు చెప్పి ఉంటారు, పన్ను పీకించుకోవద్దని.

*

ప్రయోగశాల డైరెక్టరు సీతారామయ్య గుంటూరు మనిషి. రూతును ఎప్పుడో ఒకటి రెండుసార్లు చూశాడు. అయినా ఆమె అంటే అభిమానం. క్రిస్మస్‌కు కేకు వస్తే, నార్మల్ గారు పంపారా అని అడిగి నవ్వేవాడు. జోసఫ్ కూడా నవ్వేవాడు.

ఇవాళ సంగతి విని కళ్లద్దాలు తీశాడు.

"మన నార్మల్‌కా?"

"అవును సార్."

సీతారామయ్య కళ్లద్దాలు పంచె కొంగుతో తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. మళ్లీ తుడిచాడు.

"ఏప్రిల్లో స్లైడు తప్పన్నారు మీరు."

"అన్నాను సార్."

"రెండుసార్లూ తప్పేనా జోసఫ్?"

పక్కగదిలో ఊగే బల్ల చప్పుడు వినిపిస్తోంది. టక్కు, టక్కు. శాంతయ్య పెట్టిన చక్రం ఒకచోట కొంచెం అరిగి, అక్కడికి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు చేస్తుంది.

సీతారామయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తనే లేచి పక్కగదిలోకి పోయి, రూతు గ్రూపు రక్తం ఉన్న ముగ్గురు నలుగురి ప్లేట్‌లెట్లు కలిపి ఉంచిన ప్లాస్టిక్ సంచి తెచ్చి ఇచ్చాడు. జీపు తీసుకెళ్లమన్నాడు. దారిలో ఆపకుండా ఊపుతూ ఉండమని అనబోయి, ఆగి, అది నేను మీకు చెప్పాలా అన్నాడు.

జీపులో జోసఫ్ సంచిని రెండు అరచేతుల మీద పరుచుకుని అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాడు. లేత పసుపు రంగు. వెలుతురుకు ఎత్తి ఊపితే లోపల పొగ తిరిగినట్టు మెరుస్తుంది. బతికి ఉన్నాయనడానికి అదే గుర్తు. ఆ గుర్తు కనిపెట్టడం అందరికీ నేర్పింది అతనే.

*

వార్డులో పాపమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పక్క మంచం మనిషి అమావాస్య ముందర పన్ను పీకించొద్దని తెల్వదా అని అడిగింది. ఆ పక్కావిడ మొగుడు లేకుండ ఎట్ల తీస్కపోయినవమ్మ అంది. పాపమ్మ అందరికీ ఔను ఔనని తలూపుతోంది. మధ్యాహ్నం శాంతయ్య తెచ్చిన అన్నం గిన్నె మూత తీయలేదు. నా బిడ్డను నేనే చంపుకుంటున్న అని కొడుకుతో అంటోంది. అతను చంపుడేంది అమ్మా అని కసురుకుంటున్నాడు.

జోసఫ్‌ను చూసి పాపమ్మ పైకి లేవబోయింది. తప్పుచేసిన మనిషి లేచినట్టు లేచింది.

నర్సు సూది సిద్ధం చేసి రూతు చెయ్యి అడిగింది.

రూతు చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది.

భయపడుతోందనుకుని నర్సు నవ్వి, పొద్దటి నుంచి ఎన్నిసార్లు పొడిపించుకున్నవో, నీకు భయమేందమ్మా అంది. రూతు రెండో చేత్తో నోట్లో దూది బయటికి తీసి గిన్నెలో పడేసింది. పెదవుల చివర ఎర్రగా ఊరింది. తుడుచుకోలేదు.

"ఎవరిది అది?" అని అడిగింది మొగుణ్ణి.

"నలుగురిది కలిపినం."

"సూర్యకళది ఉన్నదా?"

"ఉన్నది."

రూతు తల ఊపింది. కోపం లేదు. అలసట ఉంది.

"ఈస్టర్ నుంచి ఆమెనే గదా. నన్ను పొడవనంటివి. ఇచ్చింది చాలంటివి. నా మీద పావురం, ప్రేమ అనుకున్న."

జోసఫ్ చేతుల్లో సంచి ఊగుతోంది.

"రూతూ, మాట్లాడకు. మాట్లాడితే ఎక్కువైతది."

"ఆ దినం పాట ఒడిసిపోయింది," అంది ఆమె. మాట మాటకీ మధ్య మింగుతోంది. "ఆఖరి చరణం గూడ పాడిన. నువ్వు కాయితం అద్దుకుంటనే ఉన్నవు. నీ మొగం చూసిన. ఏం అనలే నువ్వు. ఏమన్న ఉంటే చెప్తవు గదా అనుకున్న. చేతులు నల్లగైనప్పుడు గూడ అదే అనుకున్న. రక్తం చదివినోడు ఇంట్ల ఉండంగ నాకేం ఫికర్ అని."

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు. పాపమ్మకు ఏమీ అర్థం కాలేదు. కూతురు పాట గురించి ఎందుకు మాట్లాడుతోందో తెలియక, జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసింది.

రూతు ఆ చేతిని పట్టుకుని తన గుండె మీద పెట్టుకుంది. కళ్లు మాత్రం మొగుడి మీదే ఉన్నాయి.

"పొద్దున అమ్మను అంటివి. డాక్టరమ్మ అడిగితే లేదంటివి. కొత్తదైతే ఆగి చూస్తనన్నది ఆమె. కొత్తదేనా?"

జోసఫ్ నర్సువైపు చూశాడు. నర్సు కిందికి చూసింది.

"ముందు ఎక్కించనియ్యి రూతూ. ఇవి ఎక్కువసేపు బయట ఉండొద్దు. తర్వాత అన్ని చెప్త."

"తర్వాత చెప్పవు," అంది రూతు. "అమ్మకు చెప్పు. డాక్టరమ్మకు చెప్పు. అప్పుడు చెయ్యి ఇస్త."

ఆమె కళ్లు మూసుకుంది. చెయ్యి దుప్పటి కిందే ఉంది. పెదవి చివర ఊరింది గడ్డం మీదికి జారి, మెడ దాకా వచ్చింది. పాపమ్మ కొంగుతో తుడిచింది. మళ్లీ వచ్చింది.

వార్డు ఆ చివర లేడీ డాక్టరు ఒక్కో మంచం చూసుకుంటూ ఇటే వస్తోంది.

పాపమ్మ అల్లుడి ముందుకు వచ్చి నిలబడింది. చేతులు జోడించినంత పని చేసింది.

"ఏందయ్యా? నేనేం తప్పు జేసిన్నో చెప్పు. చెప్తే అది చెయ్యి ఇస్తదట. జర చెప్పయ్యా."

జోసఫ్ నోరు తెరిచాడు. ఎదురుగా అత్త మొహం ఉంది. తన తప్పేమిటో చెప్పమని అడుగుతున్న మొహం. పొద్దున గడప మీద ఆమెను కూలబడేలా చేసిన మాట తన నోటినుంచే వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఇంకో మాట చెప్పాలి. అది చెప్పినాక ఈ ముగ్గురి ముందు అతను భర్తా కాడు, అల్లుడూ కాడు, బావా కాడు. ఏమవుతాడో అతనికి తెలియదు.

అతని చేతులు ఆగిపోయాయి. సంచి అరచేతుల్లో బరువుగా, కదలకుండా పడి ఉంది. లోపల మెరుపు సన్నగిల్లుతోంది.

శాంతయ్య అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్నాడు. అక్క చెప్పిన మాటలను ఒక్కొక్కటే పేర్చుకుంటున్నట్టు నేలకేసి చూస్తున్నాడు. ఇప్పుడు తలెత్తాడు. బావ మొహం చూడలేదు, చేతులు చూశాడు. దగ్గరికి వచ్చి, ఆ రెండు చేతులనూ మణికట్ల దగ్గర పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. బల్లకు చక్రం బిగించిన చేతులవి. బావ చేతులను తనే అటూ ఇటూ కదిపాడు.

"ఆపకు బావా," అన్నాడు మెల్లగా. "ఊపుకుంటనే చెప్పు."